మోమోల ఆవిరి పాత్ర: మా వంటింట్లో ఎనిమిది నెలల అనుభవం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో దీపాలు పెట్టే వేళకు మోమోల (పిండి పొరలో కూర నింపి ఆవిరి మీద ఉడికించే టిబెట్టు వంటకం) బండ్ల దగ్గర పిల్లలు గుమిగూడుతారు. మా ఇంట్లో అందరం శాకాహారులం కాబట్టి, కోడిమాంసం మోమోలూ కూరగాయల మోమోలూ ఒకే పాత్రలో ఉడికే బండి దగ్గర తినడానికి మా అత్తయ్యగారు ఒప్పుకోరు. పిల్లల ముచ్చట తీరాలంటే ఇంట్లో చేసుకోవలసిందే. ఏడాదిన్నర పాటు ఇడ్లీ పాత్రతోనే నెట్టుకొచ్చి, కిందటి కార్తీకమాసానికి కొద్ది రోజుల ముందు మోమోల కోసమే తయారైన రెండంతస్తుల సిల్వరు (అల్యూమినియం) ఆవిరి పాత్రను బజారులో కొన్నాను. అప్పటి నుంచి ఎనిమిది నెలలుగా అది వారానికి ఒకసారైనా పొయ్యెక్కుతోంది. ఆ పాత్ర ఎలా పనిచేస్తోందో, అందులో నేను మోమోలు ఎలా చేస్తున్నానో, పక్కన నంజుకునే ఎర్ర చట్నీ సంగతేమిటో కొనదలచిన వారికి ఉపయోగపడేలా రాస్తున్నాను.

ముందుగా, ఇడ్లీ పాత్ర ఉండగా మరొకటి ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే మా అత్తయ్యగారు నన్ను మొదట అడిగింది అదే. ఇడ్లీ పళ్ళెం గుంటలు పలచని పిండిని పట్టి ఉంచడానికి చేసినవి. పైనుంచి జారే ఆవిరి నీరు ఆ గుంటల్లోకే చేరి, ఇడ్లీని ఏమీ చెయ్యదు గాని, మోమో అడుగున నిలిచి పిండిని నానబెట్టేస్తుంది. పైన కుచ్చిళ్ళు గట్టిగా, అడుగు జిగురుగా మారి, తీయబోతే అడుగు పళ్ళేనికే అంటుకొని కూర బయటపడుతుంది. పైగా రెండు పళ్ళేల మధ్య ఉండే ఎడం ఇడ్లీకి సరిపోతుంది కాని, నిలువుగా కట్టిన మోమోకు చాలదు, కుచ్చిళ్ళ కొసలు పై పళ్ళేనికి తగిలి నలిగిపోతాయి. కుక్కరులో గిన్నె బోర్లించి, దానిమీద చిల్లుల పళ్ళెం పెట్టి కూడా చూశాను. ఒక వాయికి ఆరేడు కంటే ఎక్కువ పట్టవు. నలుగురు పిల్లలున్న ఇంట్లో నాలుగు వాయిలు దింపేసరికి మొదటివి చల్లారి తోలులా తయారవుతాయి.

ఈ పాత్ర మీద నాకు మనసు పడింది మా గజపతి జిల్లాలోనే ఉన్న చంద్రగిరిలో. 1963లో టిబెట్టు నుంచి వచ్చిన శరణార్థులకు అక్కడ నివాసాలు ఏర్పడ్డాయి. ఆ దగ్గరే ఉన్న జిరంగలోని పద్మసంభవ మహావిహారమనే బౌద్ధ ఆరామాన్ని 2010లో దలైలామా ప్రారంభించాక, మా వైపు నుంచి సెలవు రోజుల్లో అక్కడికి వెళ్ళి వచ్చేవారు బాగా పెరిగారు. మేమూ అలాగే వెళ్ళి, తిరుగుదారిలో ఒక చిన్న హోటలులో కూర్చున్నాం. వంటగదికీ మాకూ మధ్య గోడ లేదు. అక్కడి పెద్దావిడ వెడల్పాటి సిల్వరు పాత్ర మీది మూత ఎత్తినప్పుడు, మూత లోపలి నీరంతా నట్టనడుమ బొట్లుగా రాలకుండా అంచుల వెంట జారి పక్కకు పోవడం నేను గమనించాను. ఆ మూత మన సత్తు గిన్నెల మూతలా చదునుగా లేదు, బోర్లించిన గంటలా ఎత్తుగా ఉంది. ఇంట్లో చేస్తే నావి ఎందుకు తడిసిపోతున్నాయని ఒడియాలో అడిగితే, ఆవిడ నా ప్రశ్నకు ఎదురుప్రశ్న వేశారు: "మీ మూత ఎలా ఉంటుందమ్మా?" నా ఏడాదిన్నర తిప్పలకు జవాబు ఆ ప్రశ్నలోనే దొరికింది.

బజారులో నేను కొన్నదానికి చెప్పుకోదగ్గ కంపెనీ పేరేమీ లేదు. తూకం లెక్కన అమ్మే పాత్రల కొట్టులో దొరికింది. అడుగున నీళ్ళు పోసే గిన్నె, దానిమీద ఒకదానిలో ఒకటి కూర్చునే రెండు చిల్లుల పళ్ళేలు, ఆపైన గంట ఆకారపు మూత, అంతే దాని నిర్మాణం. పళ్ళెం వెడల్పు 28 సెంటీమీటర్లు, అంచు ఎత్తు నాలుగు వేళ్ళు. దుకాణదారు మూడంతస్తులది చూపించి, "అదే తీసుకోండమ్మా, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు గాని, నేను రెండంతస్తులదే పట్టుబట్టి తీసుకున్నాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కింది పళ్ళెంలోని చల్లటి మోమోలకు తగిలిన ఆవిరిలో కొంత అక్కడే నీరై పోతుంది, మిగిలినదే పైకి చేరుతుంది. ఇంటి పొయ్యి మంటకు మూడో అంతస్తు దాకా జోరుగా ఆవిరి ఎక్కడం కష్టం. హోటలులో వాడే పెద్ద బర్నరుకు అది సాధ్యం కావచ్చు, మన వంటగ్యాసు పొయ్యికి రెండు అంతస్తులే తగినవి.

పనితీరు విషయంలో ఈ పాత్ర నన్ను నిరాశపరచలేదు. అడుగు గిన్నెలో లీటరున్నర నీళ్ళు పోస్తే, పళ్ళేనికీ నీటికీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం మిగులుతుంది. నీళ్ళు మరిగి తుళ్ళినా పళ్ళేన్ని తాకవు. ఒక పళ్ళెంలో వేలెడు దూరంతో పద్నాలుగు మోమోలు పడతాయి. ఇరికించి పద్దెనిమిది కూడా పెట్టవచ్చు గాని, అప్పుడు చిల్లులు మూసుకుపోయి ఆవిరికి దారి ఉండదు, ఉబ్బిన మోమోలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీళ్ళు బాగా తెర్లిన తరువాతే పళ్ళేలు ఎక్కించాలి. చన్నీళ్ళ మీదే ఎక్కించి కూర్చుంటే, ఆవిరి పుట్టేలోగా పిండి చెమ్మ పీల్చి సాగిపోతుంది. మధ్యస్థపు మంట మీద కింది పళ్ళెం 10 నిమిషాలకు, పై పళ్ళెం 13 నిమిషాలకు ఉడుకుతున్నాయి. రెండూ ఒకేసారి దింపుకోవాలనుకుంటే, ఆరో నిమిషంలో పళ్ళేలను ఒకసారి తారుమారు చేస్తే చాలు. ఉడికిందో లేదో తెలియడానికి తడివేలితో మోమో చెక్కిలిని తాకి చూస్తాను: వేలికి అంటితే ఇంకా ఉడకాలి, అంటకుండా నున్నగా ఉండి, లోపలి క్యారట్టు రంగు పిండి పొరలోంచి మసకగా కనిపిస్తే దింపెయ్యవచ్చు.

అయితే పాత్ర ఎంత మంచిదైనా, పిండీ కూరా సరిగ్గా కుదరకపోతే అది చేయగలిగింది ఏమీ లేదు. పిండి సంగతి త్వరగానే చెప్పవచ్చు. పావు కిలో మైదా, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె, 120 మిల్లీలీటర్ల నీళ్ళు. పూరీ పిండికన్నా ఒక వాసి మెత్తగా, చపాతీ పిండికన్నా గట్టిగా ఉండాలి. పది నిమిషాలు మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యాలి. ఆ అరగంట ఆగని రోజున అప్పడాల కర్ర కింద పిండి రబ్బరులా వెనక్కి లాక్కుంటుంది, అంచులు పలచబడవు. వానాకాలంలో మా ఊరి గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి, ఈ వారం చేసినప్పుడు నీళ్ళు రెండు చెంచాలు తగ్గించాను. గోధుమపిండితోనూ చేశాను. ఆరోగ్యానికి మంచిదన్న తృప్తి ఉంటుంది గాని, పొర దళసరిగా, రంగు తక్కువగా వస్తుంది. సగం సగం కలిపితే పిల్లలు గుర్తుపట్టకుండా తింటున్నారు.

కూర విషయంలో మాత్రం కొంత ఓపికగా చెప్పాలి, ఎందుకంటే శాకాహార మోమోలు చెడిపోయేది చాలావరకు ఇక్కడే. క్యాబేజీలో నీరు ఎక్కువ. దాన్ని పచ్చిగా తరిగి ఉప్పు వేసి వెంటనే నింపితే, నింపిన పావుగంటలో నీరు ఊరి పిండి పొరను అడుగునుంచి తినేస్తుంది. కాబట్టి 300 గ్రాముల క్యాబేజీని కత్తితో వీలైనంత సన్నగా తరిగి, చెంచాడు ఉప్పు చల్లి, ఇరవై నిమిషాలు పక్కన పెడతాను. తురుముపీట వాడితే అది ముద్దైపోతుంది, కత్తి తరుగే మంచిది. ఆ తరువాత పలచటి నూలు గుడ్డలో మూటకట్టి రెండు చేతులతో మెలిపెట్టి పిండుతాను. టీ గ్లాసులో సగం దాకా పచ్చటి నీరు దిగుతుంది. మెలికలు తిప్పేకొద్దీ ముందు ధారగా, తరువాత చుక్కలుగా, చివరికి గుడ్డమీద నురగగా వస్తుంది. ఆ నురగ వచ్చేదాకా పిండాలన్నదే నాకు నేను పెట్టుకున్న గుర్తు. ఆ నీటిని పారబొయ్యను, చట్నీ రుబ్బేటప్పుడు వాడతాను, అందులో ఉప్పుంటుంది కాబట్టి చట్నీలో ఉప్పు తగ్గిస్తాను.

ఇంకోవైపు పెద్ద మంట మీద రెండు చెంచాల నూనెలో అల్లం తరుగు, ఉల్లిపాయ, క్యారట్టు, బీన్సు వేసి రెండు నిమిషాలు మాత్రమే వేయిస్తాను. వేడినీళ్ళలో నానబెట్టి, నీరు పిండేసి, తరిగిన మీల్ మేకర్ గుప్పెడు కలుపుతాను, దానివల్ల నమలడానికి కొంత బరువు వస్తుంది, మిగిలిన చెమ్మనూ అది పీల్చుకుంటుంది. మిరియాల పొడి, చెంచాడు సోయా సాస్ వేసి దించి, పూర్తిగా చల్లారాక పిండిన క్యాబేజీని పచ్చిగానే కలుపుతాను. గరం మసాలా వెయ్యవద్దని నా సలహా. అది పడితే మోమో రుచి పోయి సమోసా కూర రుచి వస్తుంది. కూర వేడిగా ఉండగా నింపడం మరో పొరపాటు, వేడికి పొర మెత్తబడి, కుచ్చిళ్ళు పెట్టేలోగా చిరుగుతుంది.

ఒత్తేటప్పుడు నడుమ దళసరిగా, అంచులు పలచగా ఉండాలి. కుచ్చిళ్ళన్నీ ఒకచోట చేరేది అంచుల్లో కాబట్టి, అక్కడ పలచగా లేకపోతే పైన పచ్చి పిండిముద్ద మిగులుతుంది. చంద్రగిరి ఆవిడ చేతులు ఎలా కదిలాయో ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. ఎడమ అరచేతిలో పొర, దానిలో కూర, ఎడమ బొటనవేలు కూరను లోపలికి నొక్కి పట్టి ఉంచుతుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చీర కుచ్చిళ్ళు పోసినట్టు అంచును మడిచి మడిచి చుట్టూ తిరుగుతాయి. నిజానికి కుడిచెయ్యి తిరగదు, ఎడమ అరచెయ్యే మోమోను తిప్పుతుంది. ఆ కిటుకు తెలిసిన రోజునుంచే నావి గుండ్రంగా కుదిరాయి. మా చిన్నమ్మాయి కజ్జికాయలా అర్ధచంద్రాకారంగా మడుస్తుంది, రుచికి అదీ తక్కువేమీ కాదు.

చట్నీ గురించి చాలామంది అశ్రద్ధ చేస్తారు. సీసా సాసు పక్కన పెట్టి వడ్డిస్తే ఇంత శ్రమా సగం వృథా అయినట్టేనని నా అభిప్రాయం. మోమో పొరకు సొంత రుచి ఉండదు, కూర కారం కాదు, కాబట్టి కారం, పులుపు, వెల్లుల్లి ఘాటు అన్నీ చట్నీ నుంచే రావాలి. ఎనిమిది ఎండుమిరపకాయలను తొడిమలు తీసి, మూడు పండిన టమాటాలతో పాటు నీళ్ళలో ఎనిమిది నిమిషాలు ఉడికించి, టమాటా తోలు ఒలిచి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు వేయించిన నువ్వులు, క్యాబేజీ నీళ్ళు పోసి మెత్తగా రుబ్బుతాను. చెంచాడు నూనె కాచి ఆ ముద్దను నాలుగు నిమిషాలు వేయించితే, పచ్చివాసన పోయి నూనె అంచులకు తేలుతుంది. దించాక చిటికెడు పంచదార, చిన్న చెంచాడు వెనిగరు. కారం తక్కువ తినేవారు మిరపగింజలు దులిపేస్తే సరిపోతుంది, రంగు తగ్గదు. టమాటా, వెనిగరు పులుపు పదార్థాలు కాబట్టి ఈ చట్నీని సిల్వరు గిన్నెలో చెయ్యకూడదు, పులుపు సిల్వరును తిని చట్నీకి లోహపు రుచి తెస్తుంది. నేను ఇనుప మూకుడు కూడా వాడను, స్టీలు గిన్నె వాడతాను. కార్తీకమాసంలో మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మా చుట్టుపక్కల ఒడియా వాళ్ళలోనూ ఎంతోమంది ఆ నెలంతా చేప, మాంసం మానేస్తారు. అప్పుడు వెల్లుల్లికి బదులు అల్లం, ఇంగువ, మరో చెంచాడు నువ్వులు వేసి చేశాను. వేరే చట్నీలా ఉంది గాని, అదీ ఖాళీ అయింది.

ఇక పాత్ర లోపాల దగ్గరకు వస్తాను. కొన్న కొత్తలో చిల్లుల అంచులు లోపలివైపు గరుకుగా ఉండి, మోమో అడుగు చీరుకుపోయింది. సన్నని గరుకు కాగితంతో రుద్ది నున్న చేసుకోవలసి వచ్చింది. పిడులకు వేసిన మరలు మూడో నెలలో వదులయ్యాయి. ఆవిరి మీద ఉన్న పళ్ళెం ఎత్తుతుండగా పిడి ఊగితే చెయ్యి కాలే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని నేను చిన్న లోపంగా తీసుకోను. బోరు నీళ్ళతో అడుగు గిన్నె లోపల నల్లబడుతుంది. వాడిన నిమ్మచెక్క ఒకటి ఆ నీళ్ళలోనే వేసి మరిగిస్తే చాలావరకు పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సిల్వరు పాత్ర ఇండక్షన్ పొయ్యి మీద పనిచెయ్యదు. ఇండక్షన్ మాత్రమే ఉన్నవారు దీన్ని కొనవద్దు, అడుగున ఇనుము పొర ఉన్న స్టీలు పాత్ర వెతుక్కోవాలి. అలాగని స్టీలైతే చాలనుకోవడానికీ లేదు. దీనికి ముందు ఆన్‌లైన్‌లో ఒక పలచటి స్టీలు పాత్ర తెప్పించాను. రెండో వాడకానికే అడుగు వంగి, పళ్ళేలకూ గిన్నెకూ మధ్య సందు ఏర్పడి ఆవిరంతా పక్కలనుంచి పోయింది. వాపసు గడువు దాటిందని అమ్మినవారు తీసుకోలేదు. ఆ డబ్బు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పళ్ళేనికి నూనె రాయడం తప్పదని అందరూ చెబుతారు. నా అనుభవంలో నూనెకంటే క్యాబేజీ ఆకులు పరచడం మేలు. తరగగా మిగిలిన పై రేకులనే చిల్లులు పూర్తిగా మూసుకుపోకుండా అక్కడక్కడ పరిచి, ఒక్కో మోమోను ఒక్కో ముక్క మీద కూర్చోబెడితే, అడుగు అంటదు, కడుక్కోవడమూ తేలిక.

ఒక్క వంటకు ఇంత పాత్ర అవసరమా అని సందేహించేవారికి చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కార్తీక పౌర్ణమి తరువాత వచ్చే అష్టమి మనకు కార్తీక బహుళాష్టమి అయితే, ఒడియా వారి లెక్కలో అప్పటికే మార్గశిరం వచ్చేస్తుంది. ఆ రోజున వారు ప్రథమాష్టమి చేసి, ఇంట్లో పెద్ద బిడ్డకు కొత్త బట్టలు పెడతారు, పసుపు ఆకుల్లో ఎండూరి పిఠా అనే పిండివంటను ఆవిరి మీద ఉడికిస్తారు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) తన పెరటి పసుపు ఆకులు తెచ్చి, మా పాత్రలోనే రెండు వాయిలు చేసుకున్నారు. పొడవాటి ఆకులు వంగకుండా పళ్ళెంలో ఇమిడాయి, ఇల్లంతా పసుపాకు వాసన నిండింది. మార్గశిర లక్ష్మీవారాల్లో వారు చేసే మండా పిఠా, మన కొబ్బరి, బెల్లం పూర్ణపు కుడుములూ ఒకే కుదురువి. వరిపిండి పొరలో పూర్ణం పెట్టి గుండ్రంగా చుట్టి ఆవిరికి పెట్టడమే. మోమోకు కుచ్చిళ్ళు నేర్చుకున్న చేతికి అవి మరీ సులువుగా వచ్చాయి. మండా పిఠా పాత్రలోంచి తీస్తూ మా అత్తయ్యగారు, "ఇది ముందే కొనుంటే పోయేదమ్మా" అన్నారు.

నలుగురికంటే ఎక్కువమంది ఉన్న ఇంటికి, గ్యాసు పొయ్యి ఉన్నవారికి, నెలకు రెండు మూడు సార్లైనా ఆవిరి వంటలు చేసేవారికి ఈ పాత్రను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఇద్దరే ఉన్న ఇంటికి వద్దు, వెడల్పాటి కుక్కరులో చదును పళ్ళెం పెట్టుకుంటే వారికి సరిపోతుంది. కొనేటప్పుడు కొట్టులోనే పళ్ళేలను ఒకదానిమీద ఒకటి పేర్చి కంటి ఎత్తుకు ఎత్తి చూడండి, ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే ఆవిరి పోయేది అక్కడినుంచే. మూత చదునుగా ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వదిలెయ్యండి. చిల్లుల లోపలివైపు వేలితో తడిమి చూడండి, పిడుల మరలను అక్కడే బిగించి ఇమ్మని అడగండి. నా పాత్రకు పిడి మరలు మార్చడానికి ఇరవై రూపాయలైంది, ఆ తరువాత అవి ఇంతవరకు వదులు కాలేదు.